అత్త చేతి మొదటి నొక్కు

గజపతినగరం,
6 నవంబరు 2024

తమ్ముడు మురళీమోహన్‌కి కూర్మయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ గౌరి వదినా బాగున్నాం.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఏళ్ళు గోడలకి డ్రిల్లు పెట్టీ పెట్టీ నా చెవులు పాడయ్యాయి. ఫోన్లో నీ గొంతు ఈగలు ముసిరినట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. మన ఇల్లాళ్ళు గౌరీ, అనూరాధా అక్కచెల్లెళ్ళు గనక రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు గానీ, ఆ కబురు గౌరి నాకు చేరవేసేసరికి అందులో సగం సొంత కవిత్వం ఉంటుంది. నీకూ నాకూ మధ్య మాట కాగితం మీద ఉండడమే మేలు.

అత్తని కంటి ఆపరేషన్‌కి మీ ఇంటికి పంపినప్పుడు పది రోజులన్నారు. మూడో వారం నడుస్తోంది. ఈ లోపు నువ్వు ఆవిడ మంచానికి ఏదో బటన్ అంటించావట. నొక్కితే దీపం వెలుగుతుందట. మొదటిసారి ఆవిడ చేతే నొక్కించావట. బాగుంది.

నీకు తెలియకపోవచ్చు, చెబుతాను. నేను వైరింగు మొదలుపెట్టిన ఏడాది, మొదటి ఇంట్లో మొదటి స్విచ్ అత్త వేసింది. అప్పటికి నేను ఆవిడ అల్లుడిని కూడా కాదు, అన్న కొడుకుని, అంతే. ఆ రోజు నుంచి నేను తీగ లాగిన ప్రతి ఇంటికీ మొదటి స్విచ్ ఆ చేతిదే. ఆవిడ హస్తవాసి అలాంటిది. ఇంతవరకు ఒక్క ఇంట్లో షాకు లేదు, ఒక్క వైరు కాలలేదు. ఇక్కడ నరసింగరావు గారి కొత్త ఇల్లు పూర్తి చేసి కూడా ఆవిడ కోసమే ఆపి ఉంచాను. గృహప్రవేశం మాఘమాసంలోనే అయినా, రంగులు వేసేవాళ్ళు లైట్లు కావాలని పోరుతున్నారు.

ఆ చెయ్యి నీ బటన్ మీద పడిందని విని నాకు అన్నం సహించలేదు. అసూయ అనుకుంటే అనుకో. త్వరగా పంపించు.

కూర్మయ్య

*

శ్రీకాకుళం,
11 నవంబరు 2024

అన్నయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా పోస్ట్‌మ్యాన్ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. చేత్తో రాసిన కవరు తెచ్చి ఎన్నాళ్ళయిందో అన్నాడు.

మొదటి స్విచ్ సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిస్తే అనూరాధ చేత నొక్కించేవాణ్ణి. ఇక బటన్ గొప్పదేమీ కాదు. హైవే మీద మూతపడిన ఒక ధాబా సామాను పాతసామాన్ల కొట్టుకి వచ్చింది. అందులో ఒక సంచి నిండా ఇవే. భోజనాల బల్ల మీద ఉండేవి. నొక్కితే వంటగది దగ్గర గంట మోగి బేరర్ వస్తాడు, అందుకు. కారుచవగ్గా ఇచ్చేశాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీ ల్యాబులో పగలంతా పాడైన మీటర్లు బాగుచేసే నాకు ఇలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. బటన్‌లో చిన్న సెల్లు ఉంటుంది. దీపం పక్కన నేను కట్టిన చిన్న పెట్టె ఆ నొక్కుని అందుకుని దీపం వేస్తుంది. గోడ పగలగొట్టక్కర్లేదు, తీగ లాగక్కర్లేదు. షరతు ఒక్కటే. గోడ మీది పాత స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. కట్టేస్తే పెట్టెకి కరెంటు ఉండదు, బటన్ ఎంత నొక్కినా ఉపయోగం లేదు. అందుకే ఆ స్విచ్ మీద 'కట్టవద్దు' అని కాగితం అంటించాను.

కంటికి ఇంకో పరీక్ష ఉందన్నారు డాక్టరు. అయ్యాక పంపిస్తాను. అయినా మీకెందుకు బెంగ? అత్తమ్మ మిమ్మల్ని 'ఒరే కూర్మీ' అంటుంది. పెళ్ళయి పదకొండేళ్ళయినా నన్ను 'బాబూ, మీరు' అంటుంది. చుట్టానికి వడ్డించినట్టు వడ్డిస్తుంది.

మీ తమ్ముడు
మురళి

*

గజపతినగరం,
15 నవంబరు 2024

మురళీ,

బేరర్ని పిలిచే బటన్ తెచ్చి అత్త మంచానికి అంటించావా! ఇంకా నయం, టిఫిన్ పట్టుకుని ఎవరూ రాలేదు.

నేను పాతకాలపు వాడినే, ఒప్పుకుంటాను. కానీ తీగకి ఒక ధర్మం ఉంది. తప్పు జరిగితే తీగ పట్టుకుని వెళితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. గాలిలో పోయిన నొక్కుని ఏ గోడలో వెతుకుతావు?

మీ వీధిలో అందరికీ "మా సిన్నల్లుడు బంగారం, నాను ఏలు కదిపితే దీపం పెడతాడు" అని అత్త చెబుతోందట. గౌరి మురిసిపోతూ చెప్పింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. హుద్‌హుద్ తుఫానుకి ఊరంతా చీకటైన రోజుల్లో లారీ బ్యాటరీ మోసుకొచ్చి ఆవిడ గదికి దీపం ఇచ్చింది ఎవరు? అప్పుడు వీధిలో ఎవరికీ చెప్పలేదే?

నరసింగరావు గారు నిన్న కూడా అడిగారు. నా చేత్తో నేనే వేసేస్తే పోదా అన్నారు. నేను వెయ్యను.

అత్త నా గురించి ఏమైనా అడుగుతోందా? అడక్కపోతే అడగలేదనే రాయి.

కూర్మయ్య

*

శ్రీకాకుళం,
22 నవంబరు 2024

అన్నయ్యకి,

మీ మాటే నెగ్గింది, వినండి. నాలుగు రోజులుగా తెల్లవారగానే అత్తమ్మ గదిలో దీపం దానంతట అదే వెలుగుతోంది. ఆవిడేమో దణ్ణం పెట్టేసి, "నాకు దేవుడు దీపం పెడతన్నాడు" అంటుంది. తీరా చూస్తే పక్కింటి వాళ్ళ కాలింగ్ బెల్లు కూడా ఈ జాతిదే. పాలవాడు అక్కడ నొక్కితే ఇక్కడ వెలుగుతోంది. మా పెట్టెకి వేరే గుర్తు నేర్పించి సరిచేశాను. "దేవుడు కాదా, పాలోడా!" అని ఆవిడ చాలా నిరాశపడింది.

మీ ఉత్తరం చదివి వినిపించాను. బేరర్ మాటకి పొట్ట పట్టుకుని నవ్వింది. మీ గురించి అడిగిందా అన్నారు. అడగలేదు. ఊరికే నవ్వుతూ ఉంది.

డిసెంబరు ఒకటో తేదీ ఆదివారం రండి. భోజనం చేసి, బటన్ మీ కళ్ళతో చూసి, అప్పుడు తిట్టండి.

మురళి

*

శ్రీకాకుళం బస్ కాంప్లెక్సు,
1 డిసెంబరు 2024, సాయంత్రం నాలుగున్నర

మురళీ,

మీ ఇంట్లోంచి బయటపడి అరగంట కాలేదు. విజయనగరం బస్సు ఇంకా రాలేదు. నీ ఎదురుగా అనలేనిది ఇక్కడ బల్ల మీద కూర్చుని రాసి, ఇక్కడి డబ్బాలోనే వేస్తున్నాను.

అత్తని తీసుకెళదామనే వచ్చాను. గౌరి చేసిన బెల్లం గవ్వలు చేతిలో పెట్టి, పద వెళదాం అన్నాను. ఏమందో విన్నావుగా. "ఇంకో పది రోజులుండి వస్తానురా కూర్మీ. ఇక్కడ సుకంగున్నాది. సెయ్యి సాపితే దీపం." ఆ మాట అంటూ నా వైపు కాదు, బటన్ వైపు చూసింది. మా ఇంట్లో దీపం కావాలంటే మంచం దిగి మూడడుగులు వెయ్యాలి. పదేళ్ళు ఆ మూడడుగులూ నోరెత్తకుండా వేసింది. ఇప్పుడు చెయ్యి చాపితే దీపమట.

నా ఉత్తరాలు చదివి అందరూ కలిసి నవ్వుకుంటున్నారని కూడా తెలిసింది. సంతోషం.

ఒక్క మాట రాసి పెట్టుకో. గాలిని నమ్ముకున్న దీపం ఏదో ఒక సందెవేళ మోసం చేస్తుంది. ఈ సందెకే చేసినా నేను ఆశ్చర్యపోను. అప్పుడు తెలుస్తుంది కూర్మయ్య విలువ.

బస్సు వచ్చింది.

కూర్మయ్య

*

శ్రీకాకుళం,
4 డిసెంబరు 2024

అన్నయ్యా,

మీరు బస్ కాంప్లెక్సులో రాసింది ఈ రోజు చేరింది. జ్యోతిష్యం చెప్పినట్టే రాశారు. వదిన చెప్పే ఉంటుంది, అయినా జరిగినది నేను రాయాలి.

మీరు వెళ్ళాక నేను కూరగాయలకి వెళ్ళాను. అనూరాధ మేడ మీద బట్టలు తీస్తోంది. చీకటి పడుతుంటే అత్తమ్మ బటన్ నొక్కిందట. దీపం రాలేదు. మళ్ళీ నొక్కిందట. లేచి, గోడ పట్టుకుని బోర్డు దాకా వెళ్ళి చెయ్యి ఎత్తబోతూ చాపలో కాలు మెలిపడి పడిపోయింది. కుడి చెయ్యి మణికట్టు పైన విరిగింది. మోచెయ్యి దాటి కట్టు వేశారు. వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. ఆరు వారాలు చెయ్యి పైకి ఎత్తకూడదు.

అనూరాధ పరుగున వచ్చి ఆ కంగారులో చేతికందిన స్విచ్‌లన్నీ వేసేసింది. నేను వచ్చి చూస్తే బటన్ బాగానే పనిచేస్తోంది. ఆ ఒక్కసారే ఎందుకు పని చెయ్యలేదో నాకు తెలియదు. గాలిలో పోయిన నొక్కుని ఎక్కడ వెతుకుతావు అన్నారు చూడండి, అదే నిజమైంది. మీరు ముప్పై ఏళ్ళు కాపాడుకున్న చెయ్యి నా ఆటబొమ్మ వల్ల విరిగింది. బటన్లన్నీ పీకేశాను.

ఇంకొకటి రాయాలి, సిగ్గుగా ఉన్నా సరే. ఆటోలో ఆసుపత్రి దాకా ఆవిడ తల నా భుజం మీదే ఉంది. నొప్పికి ఆగలేక పిలిచింది మాత్రం మిమ్మల్ని. "కూర్మీ, ఒరే కూర్మీ" అని దారి పొడుగునా. ఆవిడ అంత బాధలో ఉంటే నాకు ఆ పిలుపు మీద ఈర్ష్య పుట్టింది. నేనెలాంటి మనిషినో చూడండి.

క్షమించండి.
మురళి

*

గజపతినగరం,
7 డిసెంబరు 2024

మురళీ,

నీ ఉత్తరం అందింది. గౌరి రేపు బయలుదేరుతోంది. నాకు ఇక్కడ పని ఒత్తిడిగా ఉంది, రాలేను.

నిన్ను నువ్వు తిట్టుకోకు. యంత్రం అన్నాక ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. నేను వచ్చిన రోజు ఆ గదిలో దేన్నీ ముట్టుకోలేదు. అడుగుతావేమోనని ముందే చెబుతున్నాను. ఈ ముక్క రాస్తూ పైకి చదివాను కాబోలు, గౌరి పక్కనుంచి, "నిన్నెవులడిగినారు? గుమ్మిడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నట్టున్నాది" అంది. దానికేం, ఎప్పుడూ అలాగే అంటుంది.

బటన్లు పీకెయ్యడం దేనికి? మళ్ళీ పెట్టు. పాపం ఆవిడకి అలవాటైంది.

నరసింగరావు గారి ఇంటికి ఇంకా దీపం లేదు. ఇంకెవరి చేతయినా వేయించమంటున్నారు. నేను వద్దన్నాను.

కూర్మయ్య

*

శ్రీకాకుళం,
12 డిసెంబరు 2024

అన్నయ్యకి,

మీరు రాకపోవడం చూసి నా మీద ఎంత కోపంగా ఉన్నారో అర్థమైంది. ఉండాల్సిందే. బటన్లు మళ్ళీ పెట్టమని మీరు అనడం నన్ను ఇంకా కుంగదీసింది. సంచి అటక మీదికి ఎక్కించాను. ఇక ఇంట్లో దీపం జోలికి వెళ్ళనని అనూరాధకి మాటిచ్చాను. ల్యాబులో మీటర్ల దగ్గర కూడా ఇదే గతి. నిన్న ఒకటి సరిచేసి, నాలుగుసార్లు చూసుకుని కూడా నమ్మకం చాలక పక్కన పెట్టేశాను.

అత్తమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టరు ప్రయాణానికి సరేనన్నారు. కారు మాట్లాడతానని వదిన అంటే, ఆవిడ, "ఆ ఉత్తరం రానీ, ఎల్దాం" అంది. వదిన విసుక్కుని ఒంటరిగా బస్సెక్కింది. మీ ఉత్తరం వచ్చాక చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "ఇది కాదు బాబూ. ఇంకోటి వస్తాది" అంది.

ఏ ఉత్తరమో నాకు తెలియడం లేదు. మీకేమైనా తెలుసా?

మురళి

*

గజపతినగరం,
15 డిసెంబరు 2024

మురళీ,

తెలుసు.

నీ బటన్ పాడు కాలేదు. ఆ రోజు స్విచ్ కట్టేసింది నేను.

అత్త కళ్ళు మూసుకుని అటు తిరిగి పడుకుంది. నువ్వు వీధి గుమ్మంలో నా చెప్పులు సరిచేస్తున్నావు. 'కట్టవద్దు' అన్న నీ కాగితం కనిపించింది. చదివే కట్టాను. ఈ సందెవేళ బటన్ నొక్కితే దీపం రాకూడదు, "కూర్మి సెప్పిందే నిజం" అని ఆవిడ నోటితో అనాలి, రేపే మా ఇంటికి వచ్చేయాలి. అంతవరకే ఆలోచించాను. దీపం రాకపోతే ఆవిడ లేస్తుందని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగి, ఏ స్విచ్ ఎక్కడుంటే ఎవరు తడబడతారో చెప్పే మనిషిని, నాకు తట్టలేదు.

కడుపుమంట, మురళీ. ఇంకో పేరు లేదు దానికి. నువ్వు చదువుకున్నావు, నీ చేతులు మెత్తగా ఉంటాయి, నిన్ను 'మీరు' అంటుంది. అది గౌరవం అనుకుని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. నువ్వు అది దూరం అనుకుని కుళ్ళుకున్నావని నీ ఉత్తరంలో చూసేదాకా నాకు తెలియదు.

నువ్వు క్షమించమని రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. నా ఇళ్ళన్నిటికీ మంచి చేసిన చెయ్యిని నేనే విరగ్గొట్టాను. ముఖం చూపించలేకే రాలేదు, పనీ లేదు, పాడూ లేదు.

ఈ కాగితం అత్తకి చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకు. ఆవిడ ఇక రానంటే, రానందని రాయి.

కూర్మయ్య

*

శ్రీకాకుళం,
20 డిసెంబరు 2024

అన్నయ్యా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. చాలా కోపం వచ్చింది. ఇంకా ఉంది. రెండు వారాలు నేను అన్నం తినలేదు, నిద్రపోలేదు. నా చేతి పని మీద నాకే నమ్మకం పోయింది. మీకు ఒక నిమిషం పని అది. పెద్దవారు కాబట్టి ఇంతకంటే రాయను.

మూడో రోజు అత్తమ్మకి వినిపించాను. మీరన్నట్టే, ఒక్క ముక్క వదలకుండా. ఆవిడ, "అదీ. ఇదే ఉత్తరం" అంది. తరువాత అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆడు స్విచ్ కట్టిన సప్పుడు నాకు తెలవదేటి? ముప్పై ఏళ్ళ బట్టి యింటన్నాను. మరిసిపోయి కట్టీసినాడా, కావాలని కట్టీసినాడా అని అప్పుడు తెలవనేదు. దీపం రాకపోతే గేపకం వచ్చింది. మీరొచ్చి సూస్తే ఆడి మీద పడతాదని నానే ఎయ్యబోయినాను. పడ్డాను. పోనీ. నాను సెప్పీస్తే ఆడు దొంగైపోతాడు బాబూ. ఆడే సెప్తే మడిసి. అందుకే కూకున్నాను."

మీ తప్పు కప్పడానికి లేచి పడిపోయింది అన్నయ్యా. ఇక మీ మీద నేను ఏమని కోప్పడను?

ఇప్పుడు వస్తానంటోంది. ముందు నరసింగరావు గారి ఇంటికే తీసుకెళ్ళమంటోంది. అయితే కుడి చెయ్యి ఎత్తకూడదు. ఎడమ చెయ్యి శుభం కాదంటోంది. అటక మీద నుంచి సంచి దించాను. ఒక బటన్, ఒక పెట్టె పంపుతున్నాను. ఎలా కలపాలో బొమ్మ గీశాను. బిగించడం మీ పని. స్విచ్ మీద కాగితం మీరే అంటించండి.

మురళి

*

గజపతినగరం,
2 జనవరి 2025

తమ్ముడు మురళికి,

అత్త నిన్న క్షేమంగా చేరింది. కారు దిగగానే ఆవిడ కట్టు కళ్ళారా చూశాను. ఆవిడే, "గవ్వలు అయిపోనాయిరా, గౌరికి సెప్పు" అని లోపలికి నడిచింది. గౌరి ముందు నేను ఏడవడం ఇదే మొదటిసారి.

ఈ రోజు సందెవేళ నరసింగరావు గారి ఇంటికి తీసుకెళ్ళాను. నీ పెట్టె ఉదయమే బిగించాను. నీ బొమ్మలో ఒక తీగ తప్పు గీశావు, సరిచేశాను. ఆ మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పాత స్విచ్ వేసి, దాని మీద కాగితం నేనే అంటించాను. నా అక్షరాలు నీ అంత గుండ్రంగా లేవు.

అత్తని హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు కింద ఒళ్ళో దిండు పెట్టి, బయటికి ఉన్న వేళ్ళ కింద బటన్ ఉంచాను. చెయ్యి ఎత్తక్కర్లేకుండా కుడి చేత్తోనే నొక్కింది. హాలంతా వెలిగింది. ఆ కట్టుతోనే రెండు చేతులూ దగ్గరికి తెచ్చి దీపానికి దణ్ణం పెట్టుకుంది.

నరసింగరావు గారు, "ఇది నువ్వు సేసినావేటి కూర్మయ్యా?" అని అడిగారు. పదిమంది ఉన్నారక్కడ, రంగులవాళ్ళు, తాపీవాళ్ళు. నోటిదాకా వచ్చిన అబద్ధం మింగి, "మా తమ్ముడు సేసినాడు, శ్రీకాకుళంలో ఉంటాడు. నాను బిగించానంతే" అన్నాను. మిగిలిన గదులకీ అవే కావాలంటున్నారు. సంచి పంపు, లేదా నువ్వే పట్టుకురా. నాకు ఆ గుర్తులు నేర్పడం రాదు.

మా ఇంట్లో అత్త గది బోర్డు కూడా కిందికి దించుతున్నాను, మంచం పక్కకి. నీ బటన్ ఉన్నా సరే, నా స్విచ్ కూడా ఆవిడ చేతికి అందాలి.

అసలు సంగతి చివరికి మిగిల్చాను. రాద్దామా వద్దా అని ఇంతసేపూ ఆలోచించాను. ఇంటికి వస్తుంటే ఆటోలో అత్త నా భుజం తట్టి అంది:

"ఒరే కూర్మీ, ఇంటికెల్లి ఆ మురళిగాడికి ఉత్తరం రాయి. దీపం ఎలిగిందని సెప్పు ఆ ఎదవకి."

బాబు అనలేదు. మీరు అనలేదు. నేను బాగా విన్నాను, ఈ చెవులతోనే. కడుపు మళ్ళీ మండింది. అయినా రాస్తున్నాను.

మీ అన్నయ్య
కూర్మయ్య